లోహంతో డిజైన్ చేసేటప్పుడు గని నుంచి తుక్కు దాకా ఏమేం చూడాలి?

శ్రావ్య_డిజైన్:

అందరికీ నమస్కారం. నేను ప్రోడక్ట్ డిజైనర్‌ని. ఇప్పుడు ఒక టేబుల్ ల్యాంప్ మీద పని చేస్తున్నాను. కింద బరువైన దిమ్మ, దాని మీద వంగే చేయి, పైన ఎల్ఈడీ ఉండే గొడుగు. మొత్తం లోహంతోనే చేయాలని క్లయింట్ కోరిక. వేల సంఖ్యలో తయారయ్యే వస్తువు కాబట్టి, నేను డ్రాయింగ్ మీద రాసే ఒక్కో మాటకి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు అనిపిస్తోంది.

క్లయింట్ ఇంకో మాట కూడా అన్నారు: "ప్రకృతికి గానీ మనుషులకు గానీ హాని లేని లోహం వాడండి. ఆ మాట డబ్బా మీద వేసుకుంటాం."

అప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. అల్యూమినియం అమ్మేవాళ్లు ఎన్నిసార్లైనా కరిగించుకోవచ్చంటారు. స్టెయిన్‌లెస్ స్టీల్ వాళ్లు తరాలపాటు ఉంటుందంటారు. ఇత్తడి వాళ్లు తుక్కుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుందంటారు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ గని దగ్గర ఏం జరిగింది, పూత వేసిన మనిషి ఏం పీల్చాడు అన్నది మాత్రం ఏ బ్రోషర్‌లోనూ లేదు.

ఈ మూడింట్లో దేనివల్ల తక్కువ హాని? అసలు ఇందులో డిజైనర్ చేతిలో ఉన్నదెంత? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఓపిగ్గా చదువుతాను.

తుక్కుశాస్త్రం:

శ్రావ్య గారూ, లోహం పేరు ఒక్కటే చెబితే జవాబు రాదండి. అది ఏ కరెంటుతో తయారైంది, కొత్తదా లేక తుక్కు కరిగించిందా, మీ వస్తువులో ఎంత బరువు పడుతుంది, ఇవి తెలిస్తేనే పోల్చగలం.

అల్యూమినియం సంగతే చూడండి. నాలుగైదు టన్నుల బాక్సైట్ తవ్వితే సుమారు రెండు టన్నుల అల్యూమినా, అందులోంచి ఒక టన్ను లోహం వస్తుంది. అల్యూమినాని కరెంటుతో విడగొట్టే ఆ చివరి దశకే టన్నుకి దాదాపు 14,000 యూనిట్లు ఖర్చవుతుంది. 1886లో హాల్, హెరూ విడివిడిగా కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అందుకే నార్వే, ఐస్‌లాండ్ లాంటి చోట్ల జలవిద్యుత్తుతో తీసిన అల్యూమినియానికీ, బొగ్గు కరెంటుతో తీసినదానికీ కర్బన ఉద్గారాల్లో మూడు నాలుగు రెట్ల తేడా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. కాగితం అడిగితే తప్ప తేడా తెలియదు. అదే తుక్కు కరిగిస్తే, కొత్త లోహానికి పట్టే శక్తిలో 5 శాతం సరిపోతుంది.

కర్బనం లెక్కతోనే ఆగిపోకండి. బాక్సైట్‌లోంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్రటి మడ్డి ఘాటైన క్షారం. టన్ను అల్యూమినాకి టన్నుకి పైగా మడ్డి మిగులుతుంది. దాన్ని చెరువుల్లాంటి గుంటల్లో నిల్వ చేస్తారు. 2010 అక్టోబర్ 4న హంగరీలో అజ్కా దగ్గర అలాంటి నిల్వ గట్టు తెగి మడ్డి ఊళ్ల మీద పడింది. 10 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో చాలామందికి తగిలినవి క్షారం వల్ల కాలిన గాయాలే.

ఇక ఉక్కు. ఖనిజాన్ని బొగ్గుతో కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో వెళ్తే టన్ను ఉక్కుకి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. తుక్కుని ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో కరిగిస్తే అందులో చిన్న భాగమే. కిలోకి కిలో పోలిస్తే ఉక్కు నయమనిపిస్తుంది. అల్యూమినియం బరువు అందులో మూడో వంతే కదా అని వెంటనే ఇంకొకరు అంటారు. నిజమే, కానీ దాని గట్టిదనం కూడా ఉక్కులో మూడో వంతే. మీ ల్యాంప్ చేయి వంగకుండా నిలబడాలంటే అల్యూమినియం గొట్టం లావు చేయాలి. కాబట్టి కిలోకి కిలో కాకుండా, ఒకే పని చేసే రెండు భాగాలు గీసి, వాటి బరువులు తీసి అప్పుడు పోల్చండి. నా అంచనాలో చేయికి సన్నటి ఉక్కు గొట్టం, గొడుగుకి పల్చటి అల్యూమినియం రేకు బాగుంటాయి.

పూతపని:

అమ్మా శ్రావ్యా, నేను ప్లేటింగ్ షాపుల్లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయినవాణ్ణి. తుక్కుశాస్త్రం గారు చెప్పినదంతా నిజమే. కానీ డిజైనర్లు లోహం గురించి నెలలు ఆలోచించి, పూత గురించి ఒక్క నిమిషంలో రాసేస్తారు. డ్రాయింగ్ మూలన "క్రోమ్ ఫినిష్" అని రెండు మాటలు. ఆ రెండు మాటలతో ఏం మొదలవుతుందో చెప్తాను.

పాత పద్ధతి క్రోమ్ తొట్టిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. అది క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గంలో పెట్టింది. ఆ తొట్టిలో పంపే కరెంటులో ఎక్కువ భాగం క్రోమ్ ఎక్కడానికి కాకుండా హైడ్రోజన్ బుడగలుగా పోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడల్లా యాసిడ్ తుంపర గాలిలో కలుస్తుంది. పీల్చుడు యంత్రాలు సరిగ్గా లేని షాపుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకి ముక్కు దూలంలో రంధ్రం పడుతుంది. చేతుల మీద మానని పుండ్లు వస్తాయి. ఇవి నేను చదివి చెప్తున్నవి కావమ్మా. ఆ తొట్టి కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా బయటికి వదిలితే పక్కనున్న బావుల దాకా వెళ్తాయి.

ట్రైవాలెంట్ క్రోమ్ అని ఇంకో పద్ధతి ఉంది. అలంకరణ పూతలకి అది చక్కగా సరిపోతుంది. రంగులో చిన్న తేడా వస్తుంది, అంతే. యూరప్‌లో 2017 సెప్టెంబర్ తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా పాత పద్ధతికి వాడే క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదు. అయినా ఆర్డర్లు అనుమతులు అడగని చోటికి వెళ్తున్నాయి. డ్రాయింగ్‌లో "ట్రైవాలెంట్ మాత్రమే" అని స్పష్టంగా రాయకపోతే, చవకగా ఏది దొరికితే అదే వేస్తారు.

ఇంకో విషయం. మీరు క్రోమ్ అనుకుని చూసే మెరుపులో క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద ఉన్న మందమంతా నికెల్. అంటే క్రోమ్ అని రాస్తే నికెల్ గని కూడా మీ వస్తువులోకి వచ్చినట్టే.

నా సలహా ఒకటే. అసలు మెరుపు అవసరమా అని మొదట అడుగు. అద్దంలా మెరవాలంటే పూతకి ముందు ఎవరో బఫింగ్ చక్రం దగ్గర నిలబడి ఒక్కో ముక్కా రుద్దాలి. ఆ దుమ్ము వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నునుపు తక్కువగా ఉన్నా అందంగా కనిపించేలా గీయడం డిజైనర్ చేతిలో ఉంది కదా.

శ్రావ్య_డిజైన్:

పూతపని గారూ, మీరు రాసింది చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. క్రోమ్ తీసేస్తున్నాను. పౌడర్ కోటింగ్ అయితే పరవాలేదా?

పూతపని:

చాలా నయం. ద్రావకాలు ఉండవు, గాలిలోకి ఎగిరే ఆవిర్లు దాదాపు లేనట్టే. ముక్క మీద అంటకుండా కింద పడిన పొడిని మళ్లీ వాడొచ్చు. 180, 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చాలి కాబట్టి దానికి శక్తి ఖర్చుంది. దానికి ముందు లోహాన్ని కడిగే రసాయనాలు ఏమిటో అడుగు, అక్కడ కూడా పాతకాలం క్రోమేట్ వాడే షాపులున్నాయి. స్క్రూల సంగతీ మర్చిపోవద్దు. పసుపు రంగు మెరుపున్న జింక్ స్క్రూలకి చాలాకాలం వాడింది ఆ హెక్సావాలెంట్ పాసివేషనే, అంటే తుప్పు పట్టకుండా వేసే పల్చటి పొర.

కొనుగోలు_విభాగం:

ఎలక్ట్రానిక్స్ తయారీలో సప్లయర్లని చూసుకోవడం నా ఉద్యోగం. ఇంతవరకు అందరూ ల్యాంప్ ఒంటి గురించే మాట్లాడారు. అందులో ఎల్ఈడీ ఉంది, దానికి సరిపడా కరెంటు ఇచ్చే డ్రైవర్ బోర్డు ఉంది. అసలు ప్రశ్నలు అక్కడున్నాయి.

సోల్డర్‌లో తగరం. ఎల్ఈడీ చిప్ నుంచి బయటికొచ్చే సన్నటి తీగ చాలావాటిల్లో బంగారం. కొన్ని బోర్డుల మీద టాంటలమ్ కెపాసిటర్. చిప్‌లో గాలియం. గాలియానికి విడిగా గనులు లేవు, ఎక్కువ భాగం బాక్సైట్‌ని అల్యూమినాగా మార్చే ద్రావణంలోంచే తీస్తారు. కాబట్టి మీరు అల్యూమినియం మానేసినా ఆ గని మీ వస్తువులో ఉంటుంది.

తగరం, టాంటలమ్, టంగ్‌స్టన్, బంగారం అనే ఈ నాలుగింటినీ సాయుధ ముఠాలకి డబ్బు చేరే ఖనిజాలుగా చట్టాలు గుర్తించాయి. అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలోని 1502వ సెక్షన్, యూరోపియన్ యూనియన్‌లో 2021 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన నిబంధన ఈ నాలుగింటి మీదే. గనులు వేలల్లో ఉంటాయి, వస్తువులు కోట్లల్లో ఉంటాయి, మధ్యలో ఖనిజాన్ని శుద్ధిచేసే స్మెల్టర్లు మాత్రం కొన్ని వందలే. అందుకే సప్లయర్‌ని "మీ గని ఏది?" అని అడిగితే జవాబు రాదు. "ఏ స్మెల్టర్ నుంచి?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు రాసే ఫారాలు పరిశ్రమలో అందరి దగ్గరా ఉన్నాయి. స్మెల్టర్ పేరు చెప్పలేని సప్లయర్ అసలు కనుక్కోలేదనే అర్థం.

ఇంతకీ మీ ల్యాంప్‌లో బ్యాటరీ ఉందా? ఉంటే కోబాల్ట్ సంగతి కూడా వస్తుంది. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిదే. అందులో కొంత భాగం చేతి పనిముట్లతో తవ్వేవాళ్ల నుంచి వస్తుంది, పిల్లలు కూడా పనిచేస్తున్నారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2016లో బయటపెట్టింది. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకుంటే కోబాల్ట్, నికెల్ రెండూ అక్కర్లేదు. ల్యాంప్‌కి అది చాలు.

శ్రావ్య_డిజైన్:

బ్యాటరీ లేదండీ, ప్లగ్ పెట్టేదే. మరి కాంగో, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చే ఖనిజం అసలు వద్దని రాసేస్తే సరిపోతుందా? ఆ షరతు పెట్టడం తేలికలా ఉంది.

గనివైపు:

దయచేసి ఆ పని చేయకండి. చేతి గనుల్లో పనిచేసే కుటుంబాలతో కలిసి పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను.

2010 సెప్టెంబర్‌లో కాంగో అధ్యక్షుడు తూర్పున ఉన్న ఉత్తర కివు, దక్షిణ కివు, మనియెమా రాష్ట్రాల్లో గనుల తవ్వకాన్ని మొత్తంగా నిషేధించారు. 2011 మార్చి దాకా అది నడిచింది. అది ఎత్తేసే సమయానికి పెద్ద కొనుగోలుదారులు ఈ తలనొప్పి మనకెందుకని ఆ ప్రాంతం నుంచి కొనడమే మానేశారు. ముఠాలు మాయమయ్యాయా? లేదు. దొంగదారిలో సరుకు తరలింది, ధర పడిపోయింది. తవ్వేవాడికి వచ్చే నాలుగు డబ్బులూ తగ్గాయి. పిల్లల ఫీజులు కట్టలేక బడి మాన్పించిన ఇళ్లున్నాయి, ఆసుపత్రికి వెళ్లలేకపోయిన తల్లులున్నారు. దూరంగా ఉన్న కొనుగోలుదారుల మనసు తేలికైంది. భారం మాత్రం అక్కడి కుటుంబాల మీద పడింది.

మనం కోరాల్సింది అక్కడి నుంచి కొంటూనే పరిస్థితి మార్చే కొనుగోలు. సంచీలకి సీలు వేసి గని నుంచి స్మెల్టర్ దాకా జాడ పట్టే ఏర్పాట్లున్నాయి. తవ్వేవాళ్ల సహకార సంఘాలున్నాయి. లోపాలు కనబడితే వదిలేసి పోకుండా, సరిదిద్దడానికి గడువు ఇచ్చి వెంటపడమని సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ మార్గదర్శకాలు చెప్తాయి. పూర్తిగా తెగతెంపులు చేసుకోవడం ఆఖరి మెట్టు మాత్రమే.

వెండితీగ:

గనివైపు గారు చెప్పింది నగల డిజైన్‌లో ఇంకా సూటిగా కనిపిస్తుంది. నేను నగలు చేస్తాను. ఈ మధ్య అందరూ "రీసైకిల్డ్ బంగారం మాత్రమే వాడతాం" అని గొప్పగా రాసుకుంటున్నారు. బంగారాన్ని మనిషి ఏనాడైనా పారేశాడా? ఏటా మార్కెట్‌కి వచ్చేదాంట్లో సుమారు నాలుగో వంతు ఎప్పుడూ పాత బంగారమే. నేను పాత బంగారం కొన్నంత మాత్రాన ఒక్క గని కూడా మూతపడదు. నేను కొన్నది ఇంకొకరికి దక్కదు, వాళ్లు కొత్తది కొంటారు. అంతే.

ఇంకోపక్క, చేతి పనిముట్లతో బంగారం తవ్వి బతికేవాళ్లు ప్రపంచంలో కోటికి పైగా ఉన్నారు. ఆ మట్టిలోంచి బంగారం పట్టడానికి పాదరసం కలుపుతారు. తర్వాత ఆ ముద్దని వేడిచేస్తే పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. చాలాచోట్ల ఆ పని పొయ్యి మీదే, పిల్లలున్న గదిలోనే జరుగుతుంది. మనుషుల పనుల వల్ల గాలిలోకి వెళ్లే పాదరసంలో మూడో వంతుకి పైగా ఈ పనిదేనని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చింది. ఆ పేరు జపాన్‌లో ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన సముద్రంలో చేపలు తిని వేలమంది నరాలు దెబ్బతిన్న ఊరిది.

ఆవిరిని పట్టి మళ్లీ పాదరసంగా మార్చే మూత పాత్రలున్నాయి. పాదరసమే లేకుండా తీసే పద్ధతులూ ఉన్నాయి. ఫెయిర్‌మైన్డ్, ఫెయిర్‌ట్రేడ్ గుర్తు ఉన్న బంగారం కొంటే చిన్న గనుల సంఘాలకి మార్కెట్ ధర మీద అదనపు సొమ్ము అందుతుంది, ఆ మార్పుకి అది పనికొస్తుంది. ఆ అదనం కట్టడానికి సిద్ధపడని డిజైనర్ పాత బంగారం పేరుతో చేతులు కడుక్కోవడం నాకు నచ్చదు. మాట గట్టిగా ఉంటే ఏమీ అనుకోకండి.

సూటిగా:

గనివైపు గారి మీదా వెండితీగ గారి మీదా గౌరవం ఉంది. కానీ "కొంటూ మార్చుదాం" అన్నమాట పెద్ద కంపెనీలకి చాలా అనుకూలంగా ఉంటుందని గుర్తుంచుకోండి. ప్రతి ఏడాదీ మారుస్తూనే ఉంటారు.

ధ్రువపత్రాల సంగతి కూడా చూద్దాం. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో దగ్గర ఇనుప గని వ్యర్థాల ఆనకట్ట తెగి 270 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది గనిలో పనిచేసేవాళ్లే. కట్ట దిగువనే క్యాంటీన్ ఉంది. ఆ కట్ట స్థిరంగా ఉందని అంతకు కొన్ని నెలల ముందే ఆడిటర్లు పత్రం ఇచ్చి ఉన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 2015 నవంబర్‌లో, అదే రాష్ట్రంలో మరియానా దగ్గర ఇంకో కట్ట తెగి 19 మంది పోయారు. 2020లో వ్యర్థాల కట్టలకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చిందంటే అన్ని ప్రాణాలు పోయాకే.

చట్టబద్ధం అన్నమాట కూడా అంతే. 2020 మేలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం కోసం జూకన్ గార్జ్ రాతి గుహల్ని పేల్చేశారు. 46,000 ఏళ్ల నాటి మనుషుల జాడ ఉన్న చోటు అది. అక్కడి మూలవాసులకి అది పూర్వీకుల స్థలం. ఆ పేలుడికి ప్రభుత్వ అనుమతి ఉంది. గోల అయ్యాక ఆ కంపెనీ ప్రధాన అధికారి పదవి వదిలాడు గానీ గుహలు తిరిగి రావు కదా.

ఇనుము అంటే వివాదం లేని లోహం అని అందరూ అనుకుంటారు. వివాద ఖనిజాల చట్టాల్లో దాని పేరే లేదు. అందుకే ఈ ఉదాహరణలన్నీ ఇనుమువే చెప్పాను. కాంగో గురించి అన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు ఉక్కు రేకు కొనేటప్పుడు ఒక్కటీ అడగరు.

నా దృష్టిలో నమ్మదగ్గ పని తక్కువ లోహం వాడటమే. మిగతావన్నీ దాని తర్వాతే.

గనివైపు:

సూటిగా గారూ, ఆడిట్ పత్రాల మీద మీ అనుమానం నాకూ ఉంది. అందుకే పత్రం ఎవరు ఇచ్చారన్నది చూడాలంటాను. గనులు బాధ్యతగా నడుస్తున్నాయో లేదో చూసే ఐఆర్ఎంఏ లాంటి ప్రమాణాల నిర్వహణలో కార్మిక సంఘాలకి, గని చుట్టూ బతికే జనాలకి కంపెనీలతో సమానంగా ఓటు ఉంది. కంపెనీలు తమకి తాము రాసుకున్న ప్రమాణానికీ దీనికీ చాలా తేడా. భూమి పోగొట్టుకునే జనాన్ని ముందే, ఒత్తిడి లేకుండా, అన్నీ చెప్పి ఒప్పించాలన్న సూత్రం 2007 నాటి ఐక్యరాజ్య సమితి మూలవాసుల హక్కుల ప్రకటనలో ఉంది. జూకన్ గార్జ్‌లో కాగితం మీద అనుమతి ఉన్నా లోపించింది అదే. తక్కువ వాడదాం అన్నదానికి అభ్యంతరం లేదు. వాడే ఆ కొంచెమైనా ఎవరి దగ్గర కొంటున్నామో మాత్రం అడుగుదాం.

రిపేరు_బెంచి:

తక్కువ వాడటం అంటే పల్చగా చేయడం ఒక్కటే కాదు, ఎక్కువకాలం వాడటం కూడా. బాగుచేసేవాడిగా నా మాట.

నా దగ్గరికి వచ్చే ఎల్ఈడీ ల్యాంపుల్లో లోహం పాడైనవి లేవనే చెప్పాలి. పోయేది డ్రైవర్ గానీ ఎల్ఈడీ గానీ. వాటిని జిగురుతో అంటించి, గొడుగుని ప్రెస్ చేసి మూసేస్తారు. విప్పాలంటే విరగ్గొట్టాలి. రూపాయి పార్టు పోతే కిలోల లోహం తుక్కులోకి వెళ్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి ఎల్ఈడీనీ, విడిగా ఉన్న డ్రైవర్‌నీ మామూలు పనిముట్లతో, వస్తువు పాడవకుండా మార్చుకోగలిగేలా ఉండాలని నిబంధన ఉంది. మీ దగ్గర ఆ నిబంధన ఉన్నా లేకపోయినా అలాగే చేయండి శ్రావ్య గారూ.

జిగురు వద్దు, స్క్రూ పెట్టండి. స్క్రూ తల అందరి దగ్గరా ఉండే స్క్రూడ్రైవర్‌కి సరిపోయేది కావాలి. అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ స్క్రూ దించేటప్పుడు మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. తేమ తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు మొదలై అల్యూమినియం తినేస్తుంది, తర్వాత ఆ స్క్రూ ఎవరికీ రాదు. కీలు బిగుతు సర్దుకునేలా ఉండాలి. చేయి వాలిపోయిందని మనుషులు ల్యాంపులు పారేస్తారు.

తుక్కుశాస్త్రం:

రిపేరు_బెంచి అన్నా, మీరు చెప్పింది తుక్కు వైపు నుంచి కూడా నూటికి నూరు శాతం నిజం.

వస్తువు తుక్కు యార్డుకి వచ్చాక ముక్కలు చేసే యంత్రంలో పడుతుంది. అయస్కాంతం ఇనుముని లాగేస్తుంది, ఇంకో యంత్రం అల్యూమినియాన్ని పక్కకి తోస్తుంది. రాగి తీగ ఉక్కు ముక్కకి గట్టిగా చుట్టుకుని ఉంటే ఉక్కుతో పాటే కొలిమిలోకి వెళ్తుంది. ఉక్కులో ఒకసారి కలిసిన రాగిని పరిశ్రమ స్థాయిలో బయటికి తీసే ఆచరణీయమైన మార్గం ఇప్పటికి లేదు. రాగి శాతం పెరిగితే వేడిగా రోల్ చేసేటప్పుడు రేకు మీద పగుళ్లు వస్తాయి. అందుకే అలాంటి తుక్కుతో కడ్డీలు చేస్తారు గానీ కారు రేకు చేయరు. అల్యూమినియంలో కూడా రకరకాల మిశ్రమాలు కలిసిపోతే, చివరికి సిలికాన్ ఎక్కువున్న పోత సరుకుగానే పనికొస్తుంది. ఎన్నిసార్లైనా కరిగించుకోవచ్చు అన్నమాట విడివిడిగా దొరికితేనే నిజం.

2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, లెక్కలోకి వచ్చి పద్ధతిగా రీసైకిల్ అయింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత భాగం తీగల్ని బహిరంగంగా కాల్చి రాగి తీసే చేతుల్లోకి వెళ్తుంది. విడదీయడం తేలికగా ఉంటే ఆ కాల్చడం అవసరమే ఉండదు.

వెండితీగ గారి వాదన బంగారానికి పూర్తిగా వర్తిస్తుంది. అల్యూమినియానికి కొంతవరకే. తుక్కు అందరికీ చాలినంత లేదు, నిజం. కానీ వాడకం అయిపోయాక చెత్తలో కలిసిపోయే అల్యూమినియం ఇంకా చాలా ఉంది, దానికి గిరాకీ పెరిగితే ఏరేవాళ్లకి గిట్టుబాటవుతుంది. అందుకే సప్లయర్ "70 శాతం రీసైకిల్డ్" అంటే అది జనం వాడి పారేసిన వస్తువుల తుక్కా, లేక ఫ్యాక్టరీలో కత్తిరించగా మిగిలిన ముక్కలా అని అడగండి. ఒకే ప్రక్రియలో మిగిలి తిరిగి అదే ప్రక్రియలోకి వెళ్లే ముక్కల్ని రీసైకిల్డ్ లెక్కలో వేయకూడదని పర్యావరణ ప్రకటనల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14021 స్పష్టంగా చెప్తుంది. అయినా వేసేవాళ్లున్నారు.

కొనుగోలు_విభాగం:

ఒక హాని తీసేస్తే ఇంకోటి ఎక్కడ తేలుతుందో చూసుకోవాలనడానికి ఒక ఉదాహరణ. యూరప్‌లో 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్స్‌లో సీసం మీద ఆంక్ష వచ్చింది. సీసం మెదడుకి విషం, ముఖ్యంగా పిల్లలకి, కాబట్టి అది సరైన నిర్ణయమే. సోల్డర్‌లో సీసం స్థానంలోకి ఎక్కువ తగరం వచ్చింది. ఆ తగరంలో పెద్ద భాగం ఇండోనేషియాలోని బంకా, బెలితుంగ్ దీవుల నుంచి, అక్కడి నేలనీ సముద్రగర్భాన్నీ తోడి తీసిందే. పగడపు దిబ్బలు, చేపల వేట రెండూ దెబ్బతిన్నాయి. సీసం తిరిగి తెమ్మని నేను అనను. తగరం ఎక్కడిదో అడగమంటాను.

ఇత్తడి గురించి కూడా ఒక మాట. లేత్ మీద తేలికగా తెగే ఇత్తడిలో 2, 3 శాతం సీసం ఉంటుంది. సీసం మీద ఆంక్ష పెట్టిన అదే నిబంధనలో రాగి మిశ్రమాలకి 4 శాతం దాకా మినహాయింపు ఉంది. సప్లయర్ "నిబంధన ప్రకారమే ఉంది" అంటే సీసం లేదని కాదు.

శ్రావ్య_డిజైన్:

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్లయింట్‌తో మాట్లాడాను.

దిమ్మకి ఇత్తడి ఆలోచన వదిలేశాం. బరువు కోసమే కదా, తుక్కు నుంచి చేసిన పోత ఇనుము చాలు. చేయికి సన్నటి ఉక్కు గొట్టం, గొడుగుకి అల్యూమినియం రేకు. రెండు గొడుగులు గీసి చూస్తే, అంచు లోపలికి మడిస్తే రేకు ఇంకా పల్చగా చేసినా గట్టిగా నిలుస్తోంది. దిమ్మకి, చేయికి పౌడర్ కోటింగ్. గొడుగు లోపల తెల్ల పూత, బయట పూత లేకుండా బ్రష్ చేసిన అల్యూమినియమే. డ్రైవర్, ఎల్ఈడీ రెండూ స్క్రూలతో ఊడి వస్తాయి. సప్లయర్లకి పంపే ప్రశ్నల్లో స్మెల్టర్ పేర్లు, తుక్కు ఎలాంటిది, కరెంటు ఎక్కడిది, పూతకి ముందు కడిగే రసాయనం ఏది అని చేర్చాను. ఉక్కు ఖనిజం ఏ ప్రాంతానిదో కూడా అడిగాను సూటిగా గారూ.

డబ్బా మీద "హాని లేని" అన్నమాట వేయకూడదని గట్టిగానే చెప్పాను. మొదట ఇష్టపడలేదు. మాకు తెలిసినవీ, ఇంకా జవాబు రానివీ రెండూ వెబ్‌సైట్‌లో పెట్టడానికి చివరికి ఒప్పుకున్నారు.

ఒక్కటి మిగిలింది. చేయి దగ్గర బిగించే నాబ్ బంగారు రంగులో ఉండాలని వాళ్ల పట్టు. ఇత్తడి పూతా, పీవీడీనా, అసలు ఇత్తడా?

పూతపని:

ఇత్తడి పూత వద్దమ్మా. ఆ తొట్టిలో ఎక్కువగా వాడేది సైనైడ్. పీవీడీ అంటే శూన్యంలో లోహాన్ని ఆవిరి చేసి అంటించడం. తొట్టి నీళ్ల బాధ లేదు, టైటానియం నైట్రైడ్‌తో మంచి బంగారు రంగు వస్తుంది. కానీ కింద నునుపు లేకపోతే పూతలో గీతలు కనబడతాయి, అంటే మళ్లీ బఫింగ్. అంత చిన్న నాబ్‌కి అసలైన ఇత్తడే పెట్టు. సీసం లేని రకం అడుగు, లేత్ వాడు కొంచెం సణుగుతాడు, టూల్ త్వరగా అరుగుతుందని రేటు పెంచుతాడు, ఇవ్వు. పైన లక్క పూత వేయొద్దు. రోజూ చేయి తగిలే చోటు అదే మెరుస్తుంది, తగలని చోటు రంగు మారుతుంది, అది అలాగే బాగుంటుంది.

రిపేరు_బెంచి:

దాన్ని ఉక్కు బోల్టుకి ప్రెస్ చేసి ఇరికించకండి. మర పెట్టి విడిగా తిప్పి తీసేలా చేయండి. చేత్తో ఊడి వస్తే తుక్కు ఏరేవాడు ఇత్తడిని ఇత్తడి ధరకే అమ్ముకుంటాడు.

తుక్కుశాస్త్రం:

గొడుగు లోపలివైపు, కనబడని చోట, అల్యూమినియం మిశ్రమం నంబరు కూడా అచ్చు కొట్టించండి శ్రావ్య గారూ. డై చేసేటప్పుడే చెబితే అదనపు ఖర్చు ఉండదు.